వేలు చూపిస్తే దొంగ అయిపోతడా?

  

 పోస్టు పెద్దదే, కానీ చివరి దాకా చదవండి.

దోపిడీ కేసుల శిక్ష పడ్డ మనోళ్ల గురించి మాట్లాడితే చాలామంది ఒకటే మాట అంటరు: "సాక్షి కోర్టులో గుర్తుపట్టిండు కదా, ఇంకేం కావాలె?" మా కొట్లాట ఈ మాట మీదనే. గుర్తుపట్టుడు వేరు, వేలు చూపుడు వేరు.

సూర్యాపేట నుంచి కోదాడ పోయే హైవే మీద రాత్రిపూట ఒకాయన బండి ఆపి గొలుసు, ఫోను గుంజుకున్నరు అనుకుందాం. దొంగల ముఖాలకు దస్తీలు. లారీ లైట్లు తప్ప వేరే వెలుగు లేదు. అంతా అర నిమిషం. ఆయన చూపు కత్తి మీద ఉంటదా, ముఖం మీద ఉంటదా? రెండు నెలల తర్వాత తండా పిల్లగాడిని స్టేషన్ల కూసోబెట్టి "వీడేనా చూడు" అంటే "ఇట్లనే ఉన్నడు" అంటడు. ఇంకో రెండేళ్లకు కోర్టు బోనులో నిలబడ్డది ఆ ఒక్కడే. వేలు ఇంకెటు పోతది?

బాధితుడు అబద్ధం ఆడుతున్నడని మేము అనడం లేదు. ఆయన నమ్మే చెప్తడు. స్టేషన్ల చూసిన ముఖమే రోడ్డు మీద చూసిన ముఖమని మనసుల పాతుకుపోతది. అమెరికాలో డీఎన్‌ఏ పరీక్షలతో నిర్దోషులని తేలిన వందలాది కేసుల్లో సుమారు మూడింట రెండు వంతుల్లో సాక్షులు తప్పు మనిషిని గుర్తుపట్టినట్టు బయటపడ్డది. వాళ్లలో చాలామంది నమ్మకంగానే చెప్పిన్రు.

అందుకే గుర్తింపు పరేడ్ అని ఒకటి పెట్టిన్రు. మెజిస్ట్రేట్ ముందు, అదే వయసు, అదే పోలిక ఉన్న వేరేవాళ్ల మధ్య నిందితుడిని నిలబెట్టాలె. అంతకుముందు సాక్షికి ఆ ముఖం గానీ ఫోటో గానీ చూపించొద్దు. సాక్షికి ముందు తెలియని మనిషిని పరేడ్ లేకుండా మొదటిసారి కోర్టులోనే గుర్తుపడితే దానికి విలువ లేదని 1979లోనే కణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాతి తీర్పుల్లో, పరేడ్ లేకపోయినా కోర్టులో గుర్తింపును నమ్మదగ్గ పరిస్థితులుంటే తీసుకోవచ్చన్నది. సరే, ఆ పరిస్థితులు ఏమున్నయో చూపించమనే మేము అడుగుతున్నం.

మహారాష్ట్ర జాల్నా కేసు చూడండి. 2003 జూన్‌ల ఒక కుటుంబం మీద దోపిడీ, హత్యలు, అత్యాచారం. సంచార జాతికి చెందిన ఆరుగురిని పట్టుకున్నరు. 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరి వేయమన్నది. వాళ్లలో ఒకరు నేరం నాటికి మైనరని తర్వాత తేలింది. 2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులని విడిచిపెట్టింది. ఎందుకంటే, బతికి బయటపడ్డ సాక్షి మొదట్లోనే పోలీసుల ఫోటోల్లో వేరే నలుగురిని చూపించింది. వాళ్ల జోలికి ఎవరూ పోలేదు! ఆ కాగితం ఫైల్లనే ఉంది, చూసేవాళ్లు లేరు. తలా 5 లక్షల పరిహారం ఇవ్వమన్నరు. పోయిన 16 ఏండ్లకు అది ధరనా?

ఇది మనకే ఎందుకు ఎక్కువ జరుగుతది? 1871లో తెల్లోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చి పుట్టుకనే నేరం చేసిన్రు. యెరుకల, లంబాడీ పెద్దలు ఆ ముద్ర మోసినోళ్లే. చట్టం 1952లో పోయింది. ముద్ర పోలేదు. 2021 నవంబర్‌ల మన సూర్యాపేట జిల్లాలోనే ఒక తండా యువకుడిని దొంగతనం అనుమానంతో తీసుకపోయి కొట్టిన్రన్న ఆరోపణ మీద జనం రోడ్డెక్కిన్రు. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు సైతం జైలు మాన్యువళ్లలో విముక్త జాతులను అలవాటు నేరస్థులుగా చూసే రాతలను కొట్టేసింది.

"అయితే దొంగలను వదిలెయ్యాల్నా?" అని అడిగేటోళ్లకు మా జవాబు: తప్పు మనిషి జైల్ల ఉంటే అసలు దొంగ బయటనే తిరుగుతడు. గొలుసు పోయిన అక్కకు కూడా న్యాయం దక్కలే. మన పిల్లగాడు నిజంగా చేసి ఉంటే శిక్ష పడనీ, కానీ రుజువుతో పడాలె.

అప్పీలుకు పోయే ప్రతి ఇంటికి చెప్పండి. తీర్పు, సాక్షి వాంగ్మూలాలు, పరేడ్ రికార్డు కాపీలు తీసుకోండి. వెలుగు ఎంత, దూరం ఎంత? ఫిర్యాదులో ఆనవాళ్లు రాసిన్రా? పరేడ్ ఎన్ని రోజులకు పెట్టిన్రు? ముందే ముఖం చూపించిన్రా? సొత్తు దొరికిందా, పంచనామా సాక్షులెవరు? వకీలుతో ఈ ప్రశ్నలు అడిగించండి.

గడువు మర్చిపోవద్దు. మామూలుగా సెషన్స్ కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 60 రోజులు. జైల్ల ఉన్నోళ్లు సూపరింటెండెంట్ ద్వారా కూడా అప్పీలు పంపొచ్చు. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు 1987 చట్టం ఇచ్చిన హక్కు. అది ఎవరి దయ కాదు.

లా చదివే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, సెలవుల్ల తండాకు వచ్చినప్పుడు ఒక్క కేసు ఫైలన్నా తెరిచి చదవండి. జాల్నాలో ఆరుగురి ప్రాణాలు ఎవరూ చదవని ఒక్క కాగితంలనే ఉండె.