అమ్మలే యజమానులు!

బడి పెట్టాలంటే ఎవరో ఒక దాత ముందుకు రావాలి. లేదంటే వెనక పెద్ద ట్రస్టు ఉండాలి. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలో మాత్రం ఆ పని పొదుపు సంఘాల మహిళలు చేశారు. చిన్నప్పుడు బడి గడప తొక్కే అవకాశం దొరకని వారెందరో ఉన్న ఆ సంఘాలే ఇప్పుడు ఒక పాఠశాలకు యజమానులు. పూడిచెర్ల దగ్గర ఉన్న ఆ బడి పేరు 'బాలభారతి'.

దీని కథ పలకాబలపంతో కాదు, పొదుపు డబ్బాతో మొదలైంది. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఇక్కడ పేదరిక నిర్మూలన పథకం ప్రారంభమైంది. రోజుకో రూపాయి చొప్పున దాచుకుంటూ ఆడవాళ్లు జట్టు కట్టారు. ఊరి సంఘాలన్నీ కలిసి 'పొదుపులక్ష్మి ఐక్య సంఘం'గా ఏర్పడ్డాయి. ఈ మండలంలోని కాల్వ గ్రామ సర్పంచి ఫాతిమాబీ 1998లో ఐరాస పురస్కారం అందుకోవడంతో ఓర్వకల్లు పేరు ప్రపంచానికి తెలిసింది.

పొదుపుకీ చదువుకీ ఏమిటి సంబంధం? అప్పట్లో కర్నూలు జిల్లా విత్తన పత్తి చేలల్లో ఎక్కువగా ఆడపిల్లలే కనిపించేవారు. సాయంత్రం మొగ్గల్లోని కేసరాలు తీసేయడం, మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దడం... నెలల తరబడి ఇదే పని. వానలు లేక, చేతిలో చిల్లిగవ్వ లేక తల్లిదండ్రులు రైతు దగ్గర ముందే అడ్వాన్సు తీసుకునేవారు. అది తీరేదాకా పిల్ల చేలోనే ఉండాలి. బడి పక్క వీధిలోనే ఉన్నా ఆ పిల్లకు అందని చోటే!

సంఘంలో అప్పు పుడితే ఆ అడ్వాన్సుతో పనిలేదు. అందుకే పిల్లల్ని పని మాన్పించి బడికి పంపడాన్నీ సంఘాలు తమ బాధ్యతగానే తీసుకున్నాయి. సొంత బడి ఆ బాటలో తర్వాతి మెట్టు.

సంఘంలో నేర్చుకున్న పద్ధతులే ఈ బడికి పునాది. నలుగురూ కూర్చుని నిర్ణయం తీసుకోవాలి. ప్రతి రూపాయికీ లెక్క ఉండాలి. అయితే, కరవు సీమలో ఏ సంఘానికైనా వాన మొహం చాటేసిన ఏడు పరీక్షే. అప్పు కంతులు, ఇంటి ఖర్చులు పోను బడిని నిలబెట్టుకోవడం తేలికేం కాదు.

అయినా సరే, ఇక్కడ తల్లి అంటే ఫీజు కట్టి, చేతులు కట్టుకుని గేటు బయట నిలబడే మనిషి కాదు. పాఠాలు ఎలా సాగుతున్నాయని అడిగే హక్కున్న యజమాని!