తొలి కొలువు – తొలి సంతకము

ఏటేట వేసవి ముగియునప్పటికి ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములందలి ఇంజనీరింగు కళాశాలలనుండి వేలకొలది యువతీయువకులు పట్టములు చేతబట్టుకొని వెలుపలికి వచ్చుచున్నారు. పొలము కుదువబెట్టి బిడ్డను చదివించినవారు కొందరు. 2008లో ఉమ్మడి రాష్ట్రమున మొదలిడిన బోధనరుసుము సాయముచే గట్టెక్కినవారు కొందరు. పట్టము వచ్చిన మరునాటినుండి ఇంట వినబడు ప్రశ్న యొక్కటే: “కొలువెప్పుడు?” ఆ కొలువునందు మొదటి సంవత్సరమున బిడ్డ కేమి జరుగుచున్నదని యడుగువారు మాత్రము కానరారు. మేము నేడు అడుగదలచినది అదియే.

కళాశాల యేమి నేర్పుచున్నది? దూలముమీద ఎంత బరువు పడునో, అందులో ఎన్ని యినుప ఊచలు వేయవలయునో లెక్కకట్ట నేర్పుచున్నది. ఇది తక్కువ విద్య గాదు. దీనిని ఈసడించువారితో మేము ఏకీభవింపము. సిమెంటు పాలుతో పోల్చగా నీటిపాలు హెచ్చినకొలది కాంక్రీటు బలము తగ్గునని 1918లో ఏబ్రమ్సు అను అమెరికా పండితుడు ప్రకటించిన సూత్రము సివిలు విద్యార్థులకెల్ల కంఠస్థము. ఇక పని జరుగుచోటికి పోయి చూడుడు. ఎండ మండుచుండును; కలిపిన మాలు బిగిసికొనుచుండును; కూలీలు తట్ట లందించుచుందురు. ఊచల సందులలోనికి మాలు సులువుగా జారుటకై మేస్త్రీ ఇంకొక బకెట్టు నీరు కుమ్మరించును. మేస్త్రీకి ముప్పది యేండ్ల అనుభవము. ఎదుట నిలిచినవానికి ముప్పది దినముల కొలువు. “ఆపుము” అనవలయునని వానికి తెలియును, ఎట్లనవలయునో తెలియదు. అనినచో కాంట్రాక్టరు ఫోను తిన్నగా పై యధికారికి పోవును. పరీక్షకొరకు పోయు ఘనములకు మాత్రము మంచి మాలు వేరుగా కలిపించి, 28వ దినమున వానిని నలుగగొట్టి బలము చాలునని వ్రాసికొను చోట్లును గలవు. ఇది వృత్తిలోనివారెల్లరు ఎరిగిన రహస్యమే.

అంతకంటె బరువైన ఘడియ యొకటి కలదు. ప్రభుత్వ నిర్మాణశాఖలలో కొలతల పుస్తకము అనునది యున్నది. వాడుకలో దానిని ఎం. బుక్కు అందురు. జరిగిన పనియొక్క పొడవు, వెడల్పు, లోతు అందులో వ్రాసి క్రింది ఇంజనీరు సంతకము చేయును. దానిపై బిల్లు తయారగును. బిల్లుపై ప్రజల సొమ్ము చెల్లును. పై యధికారులు కొంతభాగమును సరిచూచి తామును సంతకములు చేయుదురు గాని, ఆ సంతకములన్నియు నిలుచునది ఈ మొదటి సంతకముమీదనే. కాలువలో పూడిక ఎంత తీసిరో నీరు నిండిన పిదప కనుగొనుట యెవరితరము? పునాది ఎంత లోతు త్రవ్విరో మట్టి కప్పిన పిదప చెప్పగలవా రెవరు? కొలువున చేరి నెల తిరుగకముందే ఆ పుస్తకమును ముందుబెట్టి, “అందరును చేయునదే బాబూ, ఒక్క సంతకము!” అనువారుందురు. చేయకున్నచో బదిలీభయము. చేసినచో, మరికొన్ని యేండ్లకు విచారణ వచ్చునాడు ఆ “అందరు”లో ఒక్కరును కనబడరు. పుస్తకములోని పేరు మాత్రము కనబడును.

ఎప్పుడు సంతకము చేయరాదో యే పాఠ్యగ్రంథమునందును లేదు. అది ప్రక్కన నిలిచిన పెద్దవానిని చూచి నేర్వవలసిన విద్య. కావుననే ఇంజనీరుకు తొలి కొలువునందు జీతముకంటె ముందుగా గురువు కావలయుననుచున్నాము.

వైద్యవిద్య నభ్యసించినవాడు ఒక సంవత్సరము ఆసుపత్రిలో పెద్దలచేతిక్రింద హౌస్ సర్జనుగా పనిచేసినగాని స్వతంత్రముగా వైద్యము చేయుటకు చట్ట మొప్పదు. ఒక రోగికే అంత జాగ్రత్త యవసరమైనప్పుడు, వేలమంది నడచు వంతెనకు ఆ జాగ్రత్త యేల యక్కరలేదు?

పూర్వము ఇట్టి యేర్పాటు కొంత యుండెను. పరప్రభుత్వము మనపై దయచేత ఇంజనీరింగు విద్యను నెలకొల్పలేదు. 1794లో మద్రాసున సర్వే పాఠశాలగా పుట్టి, 1859 నాటికి ఇంజనీరింగు కళాశాలగా మారిన గిండీ విద్యాలయమైనను, 1847లో వెలసిన రూర్కీ విద్యాలయమైనను తమ కొలతలకు, తమ కాలువలకు కావలసిన చేతులకొరకు వారు పెట్టుకొన్నవే. ఉన్నతోద్యోగములకు మనవారు పనికిరారని, 1906లో మూతపడువరకు ఇంగ్లండునందలి కూపర్సు హిల్ కళాశాలనుండి తమవారిని దింపుకొనుచుండిరి. అయినను, ఆ యిరుకు ద్వారమున లోనికి పోగలిగిన కొద్దిమందికి చదువునకును పనికిని నడుమ మెట్టొకటి యుండెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1883లో పూనా కళాశాలనుండి ఉత్తీర్ణులై, 1884లోనే బొంబాయి నిర్మాణశాఖలో సహాయ ఇంజనీరుగా ప్రవేశించిరి. 1908 నాటి మూసీవరద హైదరాబాదును ముంచిన పిదప, 1909లో ఆ నగరరక్షణకు ఉపాయము చెప్పుటకు వచ్చునాటికి వారికి పాతికేండ్ల పని చేతిలో నున్నది. ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము ఆ యుపాయముయొక్క ఫలములు.

అయ్యలసోమయాజుల లలితగారి చరిత్ర మనవారిలో ఎందరికి తెలియునో! పదునెనిమిదేండ్ల ప్రాయమున, చంటిబిడ్డ చేతనుండగా వైధవ్యము పొందిన తెలుగింటి ఆడుబిడ్డ ఆమె. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీలో ఆచార్యులు. ఆ కళాశాలయందే విద్యుదింజనీరింగు చదివి, 1943లో ఉత్తీర్ణురాలై, భారతదేశమున తొలి మహిళా ఇంజనీర్లలో నొకరైరి. పట్టముపై అచ్చువేసియున్న “అతడు” అను మాటను కొట్టివేసి “ఆమె” అని దిద్దవలసివచ్చెనట. పట్టము చాలునని ఆమె యూరకుండలేదు. బీహారునందలి జమాల్‌పూరు రైల్వే కర్మశాలలో ఒక సంవత్సరము పని నేర్చిరి. తరువాతనే సిమ్లాలో కొలువు, 1948 నుండి కలకత్తాలో విద్యుత్పరికరముల సంస్థలో కొలువు, భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుద్యంత్రముల పని. ఆ జమాల్‌పూరుననే 1927 నుండి యువకులను చిన్నతనముననే ఎన్నుకొని, చదువును పనిని జోడించి నేర్పు పద్ధతి యొకటి రైల్వేలలో నడచెను. 2015 తరువాత ఆ యెన్నికపరీక్ష నిలిచిపోయినది. కారణము లేవైనను, అది మనకు నష్టమేయని మా యభిప్రాయము.

చట్టము లేదా యందురేమో. ఉన్నది. 1961 నాటి అప్రెంటిసుల చట్టమును 1973లో సవరించి ఇంజనీరింగు పట్టభద్రులను అందులో చేర్చిరి. ముప్పదిమంది గాని, అంతకు మించి గాని సిబ్బంది గల సంస్థలు తమ సిబ్బందిలో నూటికి రెండున్నరనుండి పదునైదు వంతులవరకు అప్రెంటిసులను తీసికొనవలయునని, పట్టభద్రునకు నెలకు 9,000 రూపాయలకు తగ్గక యీయవలయునని 2019లో నియమములు చేసిరి. కాని ఆ యువకునికి ఏమి నేర్పిరో చూచువా రెవరు? పెక్కుచోట్ల వాడు పత్రములకు నకళ్లు తీయుచు, హాజరుపట్టిక నింపుచు ఏడు గడుపుచున్నాడు. యజమానికి చౌకగా నొక గుమాస్తా దొరకెను. దేశమునకు ఇంజనీరు దొరకలేదు.

ఇక “మీ పట్టభద్రులు పనికిరారు, అనుభవము గలవారినే పంపుడు” అని యజమానులు మొరపెట్టుచున్నారు. అనుభవము ఎవరో సంపాదించి పెట్టవలయును, తాము వాడుకొనవలయును! ఎవరును తొలి సంవత్సర మీయనిచో రెండవ సంవత్సరమువాడు ఎక్కడనుండి పుట్టును? ఈ కోరికయే హైదరాబాదు అమీర్‌పేట వంటి చోట్ల దొంగ అనుభవపత్రముల బేరమును పెంచినది. ఆ పత్రము కొన్నవాడు అబద్ధముతోనే వృత్తిలో అడుగుపెట్టుచున్నాడు. కొనునట్లు చేసినవా రెవరో ఆలోచింపుడు. మరికొన్ని సంస్థలు అసలు పట్టములను తమ పెట్టెలో దాచికొని, నడుమ విడిచిపోయినచో లక్షలు కట్టుమని కాగితములు వ్రాయించుకొనుచున్నవి. 2022, 2023 సంవత్సరములలో గొప్ప సాఫ్ట్‌వేరు సంస్థలే కొలువుపత్రము లిచ్చి నెలల తరబడి పిలువక యువకులను గుమ్మములో నిలిపియుంచిన సంగతి పత్రికాపాఠకు లెరిగినదే.

మేము కోరునది గొంతెమ్మ కోరిక గాదు. కొత్తగా చేరిన ఇంజనీరుచే మొదటి సంవత్సరమున కొలతల పుస్తకముపై ఒంటరిగా సంతకము చేయింపరాదు. టేపు రెండవకొన పట్టుకొని తనతో కొలిచిన పెద్ద ఇంజనీరు సంతకము ప్రక్కనే యుండవలయును. ఆ సంవత్సరమున కారణము వ్రాయక బదిలీ చేయరాదు. వంతెన గాని, కాలువ గాని, మెట్రో రైలుమార్గము గాని, ప్రజల సొమ్ముతో జరుగు ప్రతి పెద్దపనియొక్క ఒప్పందములోను ఇందరు అప్రెంటిసులకు ఈ పెద్ద ఇంజనీరు పని నేర్పునని పేరుతో వ్రాయవలయును. పట్టములు దాచికొనుటను స్పష్టముగా శిక్షింపదగిన నేరముగా జేయవలయును.

పింఛను పుచ్చుకొని పఠనమందిరములలో పొద్దుపుచ్చుచున్న పెద్ద ఇంజనీర్లు మన పట్టణములలో లెక్కకు మిక్కిలిగా నున్నారు. వారిలో కొందరైనను వారమునకొక పూట దగ్గరి పనిచోటికి పోయి, కొత్త పిల్లల ప్రక్కన నిలువగోరుచున్నాము. ఇక శాసనసభ్యుల మాట. రాబోవు సమావేశములందు ఏ శాఖలో ఎందరు పట్టభద్ర అప్రెంటిసులున్నారు, వారికి నేర్పుచున్నవారి పేరులేమి, వారు నేర్చిన పనులేమి యని ఒక్క సభ్యుడైనను లేచి మంత్రిని అడుగుగాక. ఆ సమాధానమును అచ్చువేయుటకు ఈ పుటలో స్థల ముంచెదము.