పుస్తకాల బస్తా

బడిపిల్లల పుస్తకాల సంచిని ఉర్దూలో ‘బస్తా’ అంటారు. తెలుగులో బస్తా అనగానే బియ్యమో, సిమెంటో స్ఫురిస్తుంది. ఈ రెండర్థాల నడుమ దూరం ఏటేటా తగ్గుతున్నదని ఉదయం వేళ ఏ బడిదారిలో నిలిచి చూచినా తెలియగలదు. నడుము వంచి, మెడ ముందుకు చాచి నడిచే పసివారిని చూచి మేమీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

సంచి కొనేటప్పుడు తల్లిదండ్రులు చూచేది ధర, మన్నిక. “పెరిగే పిల్లవాడు గదా” అని రెండేళ్లకు సరిపడే పెద్ద సంచి కొంటారు. చొక్కా అయితే మడిచి కుట్టించవచ్చును. సంచికి ఆ వీలు లేదు. పైగా ఖాళీ ఉన్నంతమేర పిల్లలు నింపుతూనే ఉంటారు. సంచి వీపు కంటె వెడల్పు కారాదు. పట్టీలు రెండూ వెడల్పుగా, మెత్తగా ఉండవలె. సన్నని పట్టీ భుజాన్ని కోస్తుంది. బరువైన పుస్తకాలను వీపుకు ఆనేటట్లు సర్ది, సంచి నడుము క్రిందికి వ్రేలాడకుండా పట్టీలు బిగించవలె. ఒంటి భుజానికి తగిలించుకొనుట మా కళాశాల విద్యార్థులకు వేడుక. ఆ వేడుకకు మెడ, భుజము మూల్యం చెల్లిస్తాయి.

అయితే ఎంత మంచి సంచి అయినా లోపలి బరువును తగ్గించలేదు. 1989లో రాజ్యసభ సభ్యుడుగా ఆర్.కె. నారాయణ్ మాట్లాడినది పిల్లల సంచుల బరువును గురించే. 1993లో యశ్‌పాల్ సంఘం భారం లేని చదువును కోరుతూ నివేదిక సమర్పించినది. సంచి బరువు పిల్లల శరీర బరువులో పదవవంతు మించరాదని 2020 నాటి కేంద్ర విధానం చెప్పినది. ఇరవై కిలోల పాపకు రెండు కిలోలన్నమాట. మేము తెలుగు చెప్పుకొనేవారము, గణితజ్ఞులము కాము. అయినా లీటరు నీళ్లు కిలో తూగునని ఎరుగుదుము. అనగా అనుమతించిన బరువులో సగం నీళ్లే! సీసా బరువు, అన్నం డబ్బా బరువు వేరు.

బడిలోనే మంచినీరు సమకూర్చవలెనని ఆ విధానమే చెప్పినది. కుళాయి లేని బడులు కొన్ని. కుళాయి ఉండియు ఆ నీటిని తల్లులు నమ్మని బడులు అనేకం. మా దృష్టిలో అసలు చిక్కు ఈ రెండవదే. కావున పాఠశాలల బాధ్యత కూడ వహించే కమిటీ పెద్దలకు మా మనవి: నీటి తొట్టిని ఎప్పుడు కడిగించినదీ తేదీతో సహా గోడపై వ్రాయించండి. ఏ రోజు ఏ పుస్తకం కావలెనో తరగతి వారీగా ముందే తెలుపండి. మిగిలిన పుస్తకాలకు తరగతికొక బీరువా చాలు.