దూరవైద్యము - రోగి హృదయము

వైద్యునకును రోగికిని నడుమ ముందుగా నుండవలసినది నమ్మకము. ఔషధము దాని తరువాతిది. ఆ నమ్మకము తెరమీదుగా ప్రసరింపగలదా యనునది నేడు తాడేపల్లియందును, చుట్టుపట్ల పల్లెలందును ఇంటింటి ప్రశ్న యైనది.

దూరవైద్యము ఆంధ్రదేశమునకు క్రొత్త గాదు. చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున అపోలో సంస్థవారు ఉపగ్రహముద్వారా పట్టణవైద్యుని సలహా నందించు నేర్పాటు చేయగా, 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటను దానిని ప్రారంభించెను. 2020 మార్చి 25వ తేదీన, దేశమంతయు తలుపులు మూసికొన్ననాడే, దూరవైద్యమునకు నియమావళి వెలువడెను. ఆ యేప్రిల్ 13వ తేదీన 14410 సంఖ్యగల టెలిఫోను వైద్యము తాడేపల్లినుండియే ప్రారంభమయ్యెను. 2023 ఫిబ్రవరినాటికి ఈ-సంజీవనిలో జరిగిన 10 కోట్ల సంప్రదింపులలో 3 కోట్లకు పైగా ఆంధ్రప్రదేశమువే. రాష్ట్రములన్నిటిలో మనదే ప్రథమస్థానము. సంఖ్య ఘనమే, కాని రోగి తృప్తిని సంఖ్య కొలువజాలదు.

దూరవైద్యమును త్రోసిపుచ్చుట మా యభిమతము గాదు. మిరపకోతకు పోవు స్త్రీ గుంటూరు పెద్దాసుపత్రికి పోవలెనన్న ఒకనాటి కూలి పోవును, దారిఖర్చు మీదపడును, తోడు వచ్చువారి కూలియు పోవును. రక్తపుపోటుకో చక్కెరవ్యాధికో నెలనెల వాడు మాత్రలను కొనసాగించుటకు ఇంత నష్ట మేల? ఊరి ఆరోగ్యకేంద్రమున నర్సు పోటు చూచి, రక్తము పరీక్షించి, వైద్యునితో మాటాడించిన చాలును. ఇట్టివారు ఈ పద్ధతిని మెచ్చుకొనుచున్నారు. ఆ మెప్పు న్యాయమైనదే.

క్రొత్త రోగము వచ్చినప్పుడు అదే స్త్రీ మనస్సు వేరుగా నుండును. "చెయ్యి పట్టి చూడలేదు" అనుట మన పల్లెలలో వైద్యునిమీద పెద్ద ఫిర్యాదు. చదువుకొన్నవారు దీనిని మూఢత్వమని నవ్వరాదు. కళ్లములో మిరపఘాటు పీల్చి దగ్గువాని రొమ్ము వినవలెను. కడుపునొప్పి యన్నవాని పొట్ట నొక్కి చూడవలెను. పత్తిచేలో పురుగుమందు కొట్టి తల తిరుగుచున్నదను వాని నాడి చూడవలెను, కంటిపాప చూడవలెను. తెరమీద ఇవి సాగవు. కావున రోగి కోరునది ఆదరము మాత్రమే గాదు, శాస్త్రసమ్మతమైన పరీక్షయే.

మానమర్యాదల ప్రశ్నయు కలదు. ఇరుగుపొరుగువారు వినుచుండగా, లేదా కొడుకు చేతిలోని ఫోనులో, ఏ స్త్రీ తన గర్భకోశవ్యాధిని చెప్పుకొనగలదు? సిగ్గుచే దాచిన లక్షణము చికిత్సలోనికి రాదు. అదియుగాక ఈ నెల మాటాడిన వైద్యుడు మరునెల కానరానిచో కథయంతయు మొదటినుండి చెప్పవలసివచ్చును. అందుచేతనే జనము పట్టాలేని ఆర్.ఎం.పి. కడకు పోవుచున్నారు. అతడు పిన్నీ యని పిలుచును, ఇంటికి వచ్చును, చెయ్యి పట్టి చూచును. నియమావళిలో ఆ మూడక్షరములకు నమోదైన వైద్యుడని యర్థము; మన వీథులలో నమోదు లేనివాడని యర్థము! విద్యగలవాడు తెరవెనుకను, విద్యలేనివాడు మంచముప్రక్కను ఉండుట యేమి వ్యవస్థ?

ఇట్టి ప్రశ్నయే న్యాయస్థానములకును వచ్చినది. వైద్యుని నిర్లక్ష్యమును గూర్చిన ప్రఫుల్ దేశాయి కేసులో, అమెరికాలోని సాక్షి వీడియోద్వారా సాక్ష్య మీయవచ్చునని సుప్రీంకోర్టు 2003లో తీర్పు చెప్పెను. అయినను అచ్చట సాక్షిని తీరికగా ప్రశ్నించుటకును, ఎదురుప్రశ్న వేయుటకును హక్కు నిలిచియే యున్నది. ఆ హక్కే లేనియెడల ముఖము కనబడినంతమాత్రమున అది విచారణ యగునా? రోగి విషయమున మాత్రము రెండు నిమిషములలో ముగిసినదానిని సంప్రదింపని యెట్లందుము?

2020 నియమావళి రోగికి హక్కుల నిచ్చియే యున్నది. వైద్యుడు తన పేరును అర్హతను చెప్పవలెను. మొదటిసారి మాట మాత్రమే విని కొన్ని మందులు వ్రాయరాదు. ప్రత్యక్షపరీక్ష యవసరమైన పంపివేయవలెను. రోగి కిష్టము లేనిచో ఎప్పుడైనను సంభాషణ చాలింపవచ్చును. కాని ఆరోగ్యకేంద్రమున బెంచిమీద కూర్చున్న యెందరికి ఈ సంగతి తెలియును? తెలియని హక్కు లేని హక్కుతో సమానము.

నిజమున కిచ్చట వైద్యుడు దూరమున లేడు. మంగళగిరిలో ఎయిమ్స్ కలదు. కృష్ణ దాటిన విజయవాడ. మన దూరము మైళ్లది గాదు. వరుసలోని నిరీక్షణది, పోయిన కూలిది. ఆ దూరమును తగ్గింపక తెరను మాత్రము చూపుట పేదవానికి ఒక వైద్యమును, కలవానికి ఒక వైద్యమును ఏర్పరచుట యగును.

కావున మేము కోరునవి స్వల్పములు. ప్రతి కేంద్రమునందును రోగి మాటాడుటకు తలుపుగల గది యుండవలెను. సాధ్యమైనంతవరకు అదే వైద్యుడు మరల మాటాడవలెను. ప్రత్యక్షముగ చూడవలసినవానికి ఏ ఆసుపత్రికి, ఏ దినమున, ఏ వైద్యునికడకు పోవలెనో అచ్చటనే చీటి వ్రాసి యీయవలెను. ఆ చీటిగలవాడు మరల వరుస చివర నిలువరాదు. రోగి హక్కులను తెలుగున పెద్ద అక్షరములతో గోడమీద వ్రాయింపవలెను.

ఈ చివరిపనికి ప్రభుత్వముకొరకు వేచియుండ నక్కరలేదు. పఠనమందిరములకు వచ్చు విద్యావంతులు తమ వీథిలోని వృద్ధులకు ఈ హక్కులను చదివి చెప్పవచ్చును. తెర వంతెనయైన స్వాగతము. గోడయైన దానిని కూల్చుట మన విధి.