సున్నా బ్రోకరేజీ చూసి సంతకం పెట్టకండి

దాళ్వా ధాన్యం సొమ్ము, రొయ్యల పట్టుబడి సొమ్ము, గల్ఫ్ నుంచి పిల్లలు పంపే సొమ్ము ఒకప్పుడు బ్యాంకు డిపాజిట్లకో, చిట్టీలకో, బంగారానికో, నాలుగు సెంట్ల స్థలానికో వెళ్లేవి. ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి నరసాపురం దాకా అందులో కొంత సెల్‌ఫోన్‌లోని షేర్ల యాప్‌లోకి పోతోంది. పోవడం తప్పు కాదు. అయితే యాప్‌ను ఎంచుకునేటప్పుడు చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: బ్రోకరేజీ ఎంత? అక్కడే ఆగిపోవడం ప్రమాదం.

2019 నవంబరు 22న షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన ఉత్తర్వును తెలుగు మదుపరులు మరిచిపోకూడదు. హైదరాబాద్ కేంద్రంగా దేశమంతటా పేరు తెచ్చుకున్న కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఇక కొత్త ఖాతాదారులను చేర్చుకోరాదని ఆ రోజు ఆదేశించింది. ఖాతాదారులు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని అడ్డం పెట్టుకుని, వాళ్ల షేర్లను ఆ సంస్థ తన డీమ్యాట్ ఖాతాలోకి మళ్లించుకుంది. వాటిని బ్యాంకుల్లో తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుంది. అలా చిక్కుకున్నవాళ్లు 95 వేల మందికి పైగా. షేర్ల విలువ రెండు వేల కోట్ల పైమాటే. డిసెంబరు మొదట్లో 82 వేల పైచిలుకు మందికి షేర్లు వెనక్కి వచ్చాయి. మిగతావాళ్లకు ఎదురుచూపులే మిగిలాయి. 2020 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ) ఆ సంస్థను బహిష్కరించింది. 2021 ఆగస్టులో ఛైర్మన్ సి. పార్థసారథి అరెస్టయ్యారు. సంస్థనూ ఆయననూ 2023 ఏప్రిల్‌లో సెబీ ఏడేళ్లపాటు మార్కెట్‌కు దూరం పెట్టింది.

అంతమంది షేర్లు చెయ్యి దాటడానికీ బ్రోకరేజీ రేటుకూ సంబంధం లేదు. ఖాతా తెరిచే రోజు కాగితాల కట్టలో పెట్టిన సంతకం ఆ పని చేసింది. ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి. 2022 నవంబరు నుంచి పాత పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో డీడీపీఐ అనే పరిమిత అధికార పత్రం వచ్చింది. అది ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. ఇవ్వకపోతే షేర్లు అమ్మిన ప్రతిసారీ మీ ఫోన్‌కు వచ్చే ఓటీపీతో మీరే అనుమతి ఇవ్వాలి. ఆ కాస్త శ్రమే మీకు రక్ష.

ఇక ఫీజులు. లక్ష రూపాయల షేర్లు కొని డెలివరీ తీసుకుంటే ఏ బ్రోకరు దగ్గరైనా లావాదేవీ పన్ను (ఎస్‌టీటీ) 100 రూపాయలు, స్టాంపు రుసుము 15 రూపాయలు తప్పవు. ఇరవై రూపాయల బ్రోకరుకూ సున్నా బ్రోకరుకూ తేడా ఆ ఇరవై, దాని మీద జీఎస్టీ మాత్రమే. అరశాతం తీసుకునే చోట మాత్రం 500 రూపాయలు, పైన జీఎస్టీ 90. అక్కడ బేరమాడండి, లేదా మారిపోండి. అమ్మినప్పుడు పడే డీపీ (డిపాజిటరీ పార్టిసిపెంట్) ఛార్జీ, ఖాతా ఏడాది రుసుము ఎంతో ముందే అడగండి. మీ పేరిట ఒకే డీమ్యాట్ ఉండి, అందులో విలువ 4 లక్షలు దాటకపోతే బేసిక్ ఖాతాకు ఏడాది రుసుము కట్టక్కర్లేదు.

అసలు గండం ఆప్షన్లలో ఉంది. ఆర్డరుకు ఇరవయ్యే కదా అని రోజుకు పది ఆర్డర్లు వేస్తే జీఎస్టీతో 236 రూపాయలు. ఇరవై రోజుల్లో 4,720. ఇది బ్రోకరేజీ మాత్రమే, నష్టం వేరు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు తీసి, ఫ్యూచర్స్, ఆప్షన్లలో (ఎఫ్ అండ్ ఓ) దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని సెబీయే తేల్చింది. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైనే. తోటి ఆక్వా రైతుకు నిన్న లాభమొచ్చిందని ఈరోజు మీరు దిగకండి. పంట పెట్టుబడి సొమ్మును, అప్పు తెచ్చిన సొమ్మును అటు అసలే మళ్లించకండి.

అంతకంటే ఘోరం నకిలీ యాప్. వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు, లింకు పంపుతారు, తెర మీద లాభాలు చూపిస్తారు. తీసుకుందామంటే ముందు పన్ను కట్టమంటారు. అక్కడితో ఉన్నదంతా పోతుంది. బ్రోకరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు సెబీ వెబ్‌సైట్లో వెతకండి. డబ్బు పంపే ముందు ఆ యూపీఐ ఐడీని, బ్యాంకు ఖాతాను సెబీ వారి ‘సెబీ చెక్’ సాధనంలో సరిచూడండి. వ్యక్తి పేరు మీదున్న ఖాతాకు రూపాయి కూడా పంపకండి. మోసపోతే పరువుకు జంకి దాచుకోవద్దు. ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇప్పటికే ఖాతా ఉన్నవాళ్లు ఈ వారమే ఒక పని చేయండి. మీ షేర్లను ఉంచే డిపాజిటరీ, అంటే ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్, మీ ఈమెయిల్‌కు పంపే స్టేట్‌మెంట్ తెరిచి, బ్రోకరు యాప్‌లో కనిపించే షేర్లతో ఒక్కొక్కటీ పోల్చండి. ఖాతాలో ఉన్న ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవేనా, సబ్ బ్రోకరువా చూడండి. ఒక్క షేరు తేడా వచ్చినా బ్రోకరుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జవాబు రాకపోతే సెబీ ఫిర్యాదుల పోర్టల్ ‘స్కోర్స్’లో నమోదు చేయండి.