కుడి చెయ్యి పడిపోతే మాటెందుకు పోతుంది?

"మా మామగారికి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఏమడిగినా 'అదీ... అదీ' అంటారు. ఆయనకు మతి చలించిందా?" పక్షవాతం వచ్చిన ఇళ్ళలో తరచు వినిపించే ప్రశ్న ఇది.

మతి చలించలేదు, మాట చిక్కుపడింది. మెదడు రెండు భాగాలుగా వుంటుంది. దాన్నుంచి దిగే నరాలు చాలావరకు మెదడు అడుగున ఇటువి అటు దాటుకుంటాయి. అందుచేత శరీరం కుడివైపును ఎడమ మెదడు, ఎడమవైపును కుడి మెదడు నడుపుతాయి. మాట్లాడించే కేంద్రం మాత్రం నూటికి తొంభైమందికి పైగా ఎడమ మెదడులోనే వుంటుంది. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు, ఏళ్ళ తరబడి "టాన్" అన్న ముక్క తప్ప దాదాపు మరేమీ అనలేకపోయిన రోగి చనిపోయాక అతని మెదడు పరీక్షించాడు. ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని వుంది. చిత్రమేమంటే, ఆ రోగికి ఎదుటివారి మాటలు చాలావరకు అర్థమయ్యేవి!

కొందరిలో అర్థం చేసుకొనే శక్తి కూడా తగ్గుతుంది, నిజమే. కాని మంచం పక్కన కూర్చుని "ఇక ఈయన పని అయిపోయింది" అనకండి. ఆయన వింటూ వుండవచ్చు. చెవుడు కాదు కనుక అరవనక్కరలేదు. అవునో కాదో తలూపి చెప్పగల చిన్న ప్రశ్నలు వేసి, జవాబుకు వ్యవధి ఇవ్వండి. మాట పెగలనివారు తెలిసిన పాటో, పద్యమో అందుకోవడం కద్దు. రాగానికి కుడి మెదడు సాయం వుంది మరి! మాట నేర్పే నిపుణులు దీన్ని వాడుకుంటారు.

ఎడమవైపు పడిపోయినవారు బాగానే మాట్లాడతారు. కాని కొందరు విస్తరిలో ఎడమపక్కనున్న కూర ముట్టరు. అటు నిలబడి పిలిస్తే పలకరు. అది మొండితనం కాదు. కుడి మెదడు దెబ్బతిని, ఎడమ పక్క అంటూ ఒకటి వుందన్న స్పృహే వారికి తగ్గుతుంది. కంచం కుడివైపు జరపండి, ఎడమవైపు తల తిప్పమని గుర్తు చేస్తూ వుండండి.

లెక్కలవారిది ఎడమ మెదడు, కళాకారులది కుడి మెదడు అనేది ఉత్తమాట. ఇద్దరికీ రెండూ కలిసే పనిచేస్తాయి.

మూతి వంకర పోయినా, చెయ్యి వాలినా, మాట తడబడినా పసరు వైద్యం కోసం పరుగెత్తకండి. ఎన్ని గంటలకు మొదలైందో గుర్తు పెట్టుకుని, వెంటనే స్కాన్ తీసే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చినదైతే, దాన్ని కరిగించే ఇంజక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. దారిలో మంచినీళ్ళు కూడా నోట్లో పొయ్యవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.