బడి రిజిస్టర్ల మన బందయిన సిమ్ నంబరు



రూముల నలుగురం కూసుంటే ఈ మధ్య ఇదే ముచ్చట. పోరడు బడికి పోతలేడట. పొద్దున బ్యాగు ఏసుకొని ఇంట్లకెళ్లి ఎల్లుతడు గానీ బడి గేటు దాకా పోడు, చెరువు కట్ట మీద ఫోన్ పట్టుకొని కూసుంటడు. ఆ మాట అయిపోంగనే తీర్పు కూడా మనమే చెప్తం: "ఇంటిదానికి చాతగాదు."

ఈ మాట ఇగ బంద్ చేద్దాం. పొలం ఆమెదే, బీడీలు ఆమెవే, అత్తమామల దవాఖాన ఆమెదే, మన వీసా అప్పుకు మిత్తి కట్టేది ఆమెనే. బడికి పోయి సారుతోని నాలుగు మాటలు మాట్లాడితే ఊర్ల ఏం గుసగుసలు పుడతయో మనకు తెల్వదా? అవి నమ్మి ఇమోల లొల్లి పెట్టేది కూడా మనమే గదా. ఆ ఫోన్ కొనిచ్చింది ఎవరు? పోయిన సెలవుకు మనం పట్టుకపోయిందే.

మాలో ఒకరి కొడుకు తొమ్మిదో తరగతి. రెండు నెలల్ల సగం రోజులు బడికి పోలేదు. బడోళ్లు ఒక్క ఫోన్ చేయలేదని అందరం మండిపడ్డం. తీరా అడిగితే, సార్లు చేసిండ్రట. రిజిస్టర్ల ఉన్నది తండ్రి ఇండియా నంబరు. ఆయన విమానం ఎక్కినంక రీచార్జ్ లేక అది ఎప్పుడో బందయింది.

అట్లని బడిని ఇడిచిపెట్టేది లేదు. నంబరు కలవకపోతే పక్క వాడకట్టు పిల్లతోని ఇంటికి కబురు పంపరాదా? నాలుగు రోజులకు వచ్చిన పిలగాన్ని అందరి ముందట "ఏం దొరా, ఇయ్యాల దారి దొరికిందా" అని ఎగతాళి చేస్తే మర్నాడు మళ్ల వస్తడా? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లల హాజరు చూసే బాధ్యత స్థానిక సంస్థలకు కూడా ఉన్నది. కానీ అది 6 నుంచి 14 ఏళ్ల దాకనే. మన పోరగాండ్లు ఎగ్గొట్టుడు షురూ చేసేది ఆ తర్వాతనే, తొమ్మిది, పది తరగతులల్ల.

అన్నిటికంటే పాడు మాట ఇంకోటున్నది. "సదువు రాకుంటే వీసా తీస్త తియ్." వాడు ఇంటున్నడు ఆ మాట. ఇక్కడ అరబ్బీ కాయితంల ఏమున్నదో తెల్వకనే సంతకం పెట్టినం. వాడు కూడా గట్లనే పెట్టాల్నా?

మన ఊరి వాట్సాప్ గ్రూపుల వినాయకుని చందాలు ఎత్తుతున్నం, ఎవరన్న చనిపోతే శవాన్ని ఇంటికి పంపేందుకు పైసలు జమ చేస్తున్నం. అదే గ్రూపుల పిల్లల పేర్లు, తల్లుల నంబర్లు రాసి హెడ్‌మాస్టరు సారుకు అందజేద్దాం. గల్ఫ్ నుంచి వాపసు పోయిన అన్నలు ఊర్ల ఉన్నరు గదా, ఇద్దరు నెలకోసారి బడికి పోయి హాజరు చూసి రావచ్చు. తల్లి కూడా వాళ్లతోనే పోతే గుసగుసలు ఉండయి.

సౌదీ, ఖతర్, కువైట్ల మనకు పొద్దుగాల ఆరున్నర అయితే ఊర్ల తొమ్మిది. బడికి తయారయ్యే టైము. సైట్ బస్సుల కూసొని రీల్స్ చూసే బదులు ఇంటికి కొట్టుండ్రి. పైసలు ముట్టినయా అని తర్వాత అడుగుండ్రి, ముందుగాల ఫోన్ పోరనికి ఇయ్యమనుండ్రి.